ఫైరెక్సియనా, ఎల్డ్రాజీనా? మ్యాజిక్ కార్డు చూసి విలన్ ఎవరో పట్టుకునే పద్ధతి

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట 1993లో వచ్చింది. అప్పటి నుంచి దాని కథలో విలన్లు చాలామందే వచ్చిపోయారు. కానీ ఒక ఊరినో రాజ్యాన్నో కాకుండా లోకాలకు లోకాలనే ఊడ్చేసే వర్గాలు అంటే ముందు గుర్తొచ్చేవి రెండు: ఫైరెక్సియన్లు, ఎల్డ్రాజీలు. కొత్తగా ఆడేవాళ్లకి ఈ రెండూ కలిసిపోతాయి. కళ్లు లేని ముఖాలు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియని చేతులు, రెండిటి బొమ్మల్లోనూ అదే భయం. మా నల్లగొండ బ్యాచ్‌లోకి దేవరకొండ నుంచో జడ్చర్ల నుంచో ఎవరు కొత్తగా వచ్చినా కొన్ని ఆటలు కాగానే ఒక కార్డు పైకెత్తి "అన్నా, గిది ఫైరెక్సియనా, ఆ తొండాలోళ్లదా?" అని అడుగుతారు. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని ఇది. కథ మొత్తం తెలియకపోయినా పర్వాలేదు, కార్డు చేతిలో ఉంటే చాలు.

అడుగు 1: దీనికి మీతో ఏం పని?

బొమ్మ చూసి మొదలుపెట్టొద్దు. ముందు ఈ ప్రాణికి ఎదుటివాడి నుంచి ఏం కావాలో ఆలోచించండి.

ఫైరెక్సియాకి మీరే కావాలి. మీ ఎముక, మీ కండ, మీ తెలివి, కుదిరితే మీ జ్ఞాపకాలు కూడా. కోసి, లోహం అతికించి, మెరిసే నల్ల నూనె ఎక్కించి మిమ్మల్ని తమలో ఒకరిగా మార్చుకుంటారు, పైగా దాంతో మీకు గొప్ప మేలు చేశామనే మనస్ఫూర్తిగా నమ్ముతారు. వాళ్ల దృష్టిలో మాంసంతో పుట్టిన మనం సగం పనయిన సరుకు, మిగతా సగం వాళ్లు పూర్తి చేస్తారు. అందుకే వాళ్లకి మతం ఉంది, పదవులున్నాయి, లోపల కుమ్ములాటలున్నాయి, సొంత భాష, లిపి కూడా ఉన్నాయి. ఆ లిపిలోనే అచ్చయిన కార్డులు కూడా వచ్చాయి.

ఎల్డ్రాజీకి మీతో పనే లేదు. మీరు ఉన్నారన్న సంగతే దాని లెక్కలోకి రాదు. అది లోకంలోని శక్తిని తింటుంది, ఆ తిండిలో మీరూ మీ ఊరూ పోతారు, అంతే. బతిమాలినా, బెదిరించినా, లొంగిపోయి కాళ్లమీద పడినా అటు నుంచి జవాబు రాదు.

దీన్ని కార్డు మీద చూడటానికి ఒక దగ్గరి దారి ఉంది. కింద వాలు అక్షరాల్లో ఉండే వాక్యాన్ని, అంటే ఫ్లేవర్ టెక్స్ట్‌ని చదవండి. ఫైరెక్సియన్ కార్డుల మీద చాలాసార్లు ఫైరెక్సియన్లే మాట్లాడతారు, బోధిస్తారు, గొప్పలు చెప్పుకుంటారు, పక్క వర్గం వాళ్లని వెక్కిరిస్తారు. ఎల్డ్రాజీ కార్డుల మీద మాట్లాడేది దాదాపు ఎప్పుడూ వేరేవాళ్లు: దూరం నుంచి చూసినవాళ్లు, పారిపోతున్నవాళ్లు, పిచ్చెక్కినవాళ్లు. విలన్ నోరు తెరిచి సిద్ధాంతం చెబుతున్నాడంటే ముప్పావు వంతు కేసు అక్కడే తేలిపోతుంది.

అడుగు 2: పేరు, టైప్ లైన్

ఇది సులువు. బొమ్మకి కింద ఉండే లైన్లో ఎల్డ్రాజీ అని ఉంటే ఎల్డ్రాజీ. 2010 నుంచీ వాళ్లు ఈ విషయంలో పద్ధతిగానే ఉన్నారు. ఇబ్బంది ఫైరెక్సియన్లతోనే. "ఫైరెక్సియన్" అనే మాట ప్రాణి రకంగా మొదట 2021లో, కాల్డ్‌హైమ్ సెట్‌లోని (సెట్ అంటే ఒకేసారి విడుదలయ్యే కార్డుల గుంపు) వోరిన్‌క్లెక్స్ కార్డు మీద వచ్చింది. ఆ తర్వాత అదే సంవత్సరం పాత కార్డులకీ రూల్స్ ప్రకారం ఆ రకం చేర్చారు. కానీ అప్పటికే అచ్చయిపోయిన కార్డు మీదకి ఆ మాట నడిచి రాదు కదా. 2010 నాటి వర్మ్‌కాయిల్ ఇంజిన్ మీ చేతిలో ఉంటే దాని పేరులో ఫైరెక్సియా లేదు, టైప్ లైన్లో కూడా లేదు, అయినా అది ఫైరెక్సియనే. అనుమానం వస్తే కార్డు పేరు ఫోన్లో కొట్టి ఇప్పటి అధికారిక టెక్స్ట్ చూడండి, అచ్చులో ఉన్నదాని కన్నా అదే ప్రమాణం.

ఒక చిన్న ఉపాయం: టైప్ లైన్లో ఆర్టిఫ్యాక్ట్ అనే మాట కనిపిస్తే ఎల్డ్రాజీ కాదనే అనుకోండి. ఎల్డ్రాజీలు యంత్రాలు కావు, వాళ్లని ఎవరూ తయారు చేయలేదు.

అడుగు 3: ఒళ్లు దేంతో తయారైంది?

ఇప్పుడు బొమ్మ చూడండి. ఫైరెక్సియన్ ఒంట్లో అతుకు కనిపిస్తుంది. లోహం, కండరం, గొట్టాలు, పంజాలు, బయటకి తేలిన నరాలు; ఎవరో కూర్చుని ఆలోచించి, ఇది ఇక్కడ పెడితే ఇంకా బాగా కోస్తుంది అనుకుని బిగించినట్టు ఉంటుంది. మారకముందు అది ఏమిటో కూడా చాలాసార్లు తెలుస్తుంది: ఎల్ఫ్, గోబ్లిన్, కుక్క, గుర్రం.

ఎల్డ్రాజీ ఒంట్లో అతుకు ఉండదు, కీళ్ల లెక్కే వేరు. మోచేతి దగ్గర ఒక చెయ్యి రెండుగా చీలిపోతుంది, నడుము కింద కాళ్లకి బదులు టెంటకిల్స్ గుంపు, ముఖం ఉండాల్సిన చోట నున్నటి పలక. దాన్ని చూసి ఇది ఒకప్పుడు ఫలానా జంతువు అని చెప్పలేరు, ఇన్నిస్ట్రాడ్ లోకం తప్ప. ఆ సంగతి కిందకి వస్తుంది.

మాలో చాలామంది ఇంట్లో ఆడుకోవడానికి ఖరీదైన కార్డులు జిరాక్స్ సెంటర్లో కలర్ ప్రింట్ తీయించి స్లీవ్‌లో పెట్టుకుంటారు. అధికారిక టోర్నమెంట్‌లో అవి చెల్లవు, అది వేరే విషయం. అలాంటి ప్రింట్లో నలుపు అంతా కలిసిపోయి, నూనె మరకకీ, ఎల్డ్రాజీ పెద్దల్లో ఒకడైన కోజిలెక్ నల్ల పలకలకీ తేడా తెలియదు. బొమ్మతోనే తేల్చాలంటే ఫోన్లో అసలు చిత్రం పెద్దది చేసి చూసుకోండి.

అడుగు 4: కార్డు చేసే పని

నాకు అన్నిటికన్నా నచ్చిన అడుగు ఇదే. ఈ ఆట తయారు చేసేవాళ్లు కథని రూల్స్‌లోకి ఎంత చక్కగా ఎక్కించారో ఇక్కడ తెలుస్తుంది.

ఫైరెక్సియన్ల పద్ధతి అంటుకోవడం, పెరగడం. 2010 నుంచి వచ్చిన ఇన్‌ఫెక్ట్ చూడండి: ప్రాణిని కొడితే మామూలు దెబ్బ కాదు, దాని మీద బలం తగ్గించే మైనస్ ఒకటి కౌంటర్లుగా (గుర్తు బిళ్లలుగా) మిగిలిపోతుంది, ఎదుటి ఆటగాడిని కొడితే పాయిజన్ కౌంటర్లు వస్తాయి, పది కాగానే ఆట అయిపోతుంది. లైఫ్, అంటే ఆటగాడి ప్రాణం లెక్క, ఎంత మిగిలుందన్నది అక్కడ అనవసరం. 2023లో టాక్సిక్ అని కాస్త మెత్తబడిన రూపం వచ్చింది. ప్రోలిఫరేట్ అనేది ఉన్న కౌంటర్ల పక్కన ఇంకొకటి చేరుస్తుంది, అంటే రోగం దానంతటదే ముదరడం. ఫైరెక్సియన్ మానా అయితే ఇంకా దుర్మార్గం: రంగు మానా (కార్డు వేయడానికి ఖర్చు పెట్టే శక్తి) లేకపోతే 2 లైఫ్ ఇచ్చి అదే మంత్రం వేసుకోవచ్చు. నీ దగ్గర లేనిది నీ ఒంటి నుంచి కోసి ఇస్తాను, తీసుకో అంటుంది. ఆడేవాడినే మెల్లగా తమ మతంలో కలుపుకోవడం ఇది.

ఎల్డ్రాజీల పద్ధతి తీసేయడం. 2010లో వచ్చిన అనైహిలేటర్ ప్రకారం అది దాడికి లేస్తే చాలు, దెబ్బ తగలకముందే ఎదుటివాడు తన బల్ల మీద ఉన్నవాటిలో ఇన్ని అని వదులుకోవాలి. ఎల్డ్రాజీ పెద్దల్లో ఒకరైన ఎమ్రకూల్ మొదటి కార్డు 15 మానా, 15/15 (కొట్టే బలం 15, తట్టుకునే బలం 15), అనైహిలేటర్ 6. ఆరు వస్తువులు ఒక్కసారి పోయాక సాధారణంగా మాట్లాడటానికి ఏమీ మిగలదు. 2015లో బ్యాటిల్ ఫర్ జెండికర్ వచ్చేసరికి పోవడం అంటే ఎగ్జైల్‌కి, అంటే ఆట నుంచే బయటికి, పోవడం అయింది: ఇంజెస్ట్ ఉన్న ప్రాణి కొడితే ఎదుటివాడి లైబ్రరీ (ఇంకా తీయని కార్డుల కట్ట) పై కార్డు ఎగ్జైల్ అవుతుంది, ప్రాసెసర్లు అనే ఇంకో రకం అలా పోయినదాన్ని మళ్లీ నమిలి లాభం తీసుకుంటాయి. అదే సెట్‌లోని ఉలమోగ్ దాడి చేస్తే లైబ్రరీ నుంచి ఒకేసారి 20 కార్డులు ఎగ్జైల్.

ఈ రెండు పద్ధతులకీ మధ్య గీత ఇదీ: ఫైరెక్సియా శవాన్ని కూడా పారేయదు, గ్రేవ్‌యార్డ్ (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్ప) నుంచి లేపి పనికి పెడుతుంది. ఎల్డ్రాజీ తిన్నచోట శవం కూడా దొరకదు.

రంగు గురించి రెండు మాటలు. ఎల్డ్రాజీ పెద్దలకి రంగు లేదు, వాళ్ల కోసమే 2016 జనవరిలో ఓత్ ఆఫ్ ద గేట్‌వాచ్ సెట్‌తో రంగు లేని మానాకి వేరే గుర్తు, వేస్ట్స్ అనే భూమి (మానా ఇచ్చే కార్డు) వచ్చాయి. రంగు మానాతో వేసినా రంగు లేనివిగా లెక్కేసే డివాయిడ్ కూడా 2015 నాటిదే. కానీ 2010 నాటి చిన్న డ్రోన్లకి మామూలు రంగులే ఉన్నాయి, ఉదాహరణకి ఎమ్రకూల్స్ హ్యాచర్ ఎరుపు. కాబట్టి రంగు ఉంది కనుక ఎల్డ్రాజీ కాదు అని వాదించకండి. అలాగే పాయిజన్ ఉన్నదల్లా ఫైరెక్సియన్ కాదు: పాయిజన్ కౌంటర్లు 1994లో లెజెండ్స్ సెట్‌లోని పిట్ స్కార్పియన్ నాటి నుంచీ ఉన్నాయి, 2007లో స్లివర్ అనే గుంపు జీవుల్లో ఒకదానికి కూడా ఇచ్చారు.

అడుగు 5: ఫైరెక్సియా అని తేలితే, పాతదా కొత్తదా?

ఇక్కడ నిదానంగా వెళ్దాం, ఎందుకంటే చాలామంది ఫైరెక్సియా అని తేలగానే ఆగిపోతారు, అసలు రుచి ఇక్కడే ఉంది.

పాత ఫైరెక్సియాకి దేవుడు ఒక్కడే, యాగ్‌మోత్. అతను మొదట మనిషే, డొమినేరియా లోకంలో థ్రాన్ అనే ప్రాచీన సామ్రాజ్యంలో వైద్యుడు. థ్రాన్ నాగరికత అంతా పవర్‌స్టోన్ల మీద నడిచేది, ఆ రాళ్ల వల్లే ఒక క్షయ లాంటి రోగం వచ్చింది, వైద్యం చేయడానికి వచ్చిన యాగ్‌మోత్ మనిషి శరీరాన్నే మార్చేయాలన్న ఆలోచనకి వచ్చాడు. చివరికి రెబ్బెక్ అనే శిల్పి అతన్ని ఫైరెక్సియా లోపలే ఉంచి ద్వారం మూసేసింది. ఆ లోకం ఒకదానిలో ఒకటి ఇమిడిన తొమ్మిది గోళాలు. వేల ఏళ్ల తర్వాత ఉర్జా, మిష్రా అనే అన్నదమ్ములు కోయిలోస్ గుహల్లో ఆ ద్వారం మళ్లీ తెరుచుకునేలా చేశారు, తర్వాత వాళ్లిద్దరూ కొట్టుకున్న కథే 1994లో యాంటిక్విటీస్ సెట్, 2022లో ద బ్రదర్స్ వార్ సెట్. 2019లో వచ్చిన యాగ్‌మోత్ కార్డు ఒకసారి చదవండి: మనుషుల నుంచి రక్షణ, ఒక లైఫ్ ఇచ్చి తన పక్కనున్న ప్రాణిని బలిచ్చి కార్డు తీసుకోవడం, ఇంకో ప్రాణి మీద మైనస్ ఒకటి కౌంటర్ పెట్టడం. డాక్టర్ గారి జీవిత చరిత్ర అంతా ఆ నాలుగు లైన్లలో ఉంది.

పాత ఫైరెక్సియా గుర్తులు: ఎక్కువగా నలుపు రంగు లేదా ఆర్టిఫ్యాక్ట్, తుప్పు, పొగ, భయంతో నడిచే కొలువు, వేసినవాడికే ఎదురు తిరిగే శక్తి. 1999 నాటి ఫైరెక్సియన్ నెగేటర్ మూడు మానాకే 5/5, కానీ దానికి ఎంత దెబ్బ తగిలితే మీ వస్తువులు అన్ని వదులుకోవాలి. ఈ కథ 2001లో అపోకలిప్స్ సెట్‌తో, డొమినేరియా మీద యాగ్‌మోత్ చావుతో ముగిసింది.

ముగిసిందనే అందరూ అనుకున్నారు. ఉర్జా తయారు చేసిన వెండి మనిషి కార్న్, తర్వాత తనే ఒక లోహపు లోకం చేశాడు, అదే మిర్రోడిన్. తన ఒంట్లో మిగిలిన ఫైరెక్సియన్ నూనె అక్కడికి తనతోపాటే వెళ్తోందని అతనికి తెలియదు. మన పాలమూరు, నల్లగొండ చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ పాకిన తీరు గుర్తు తెచ్చుకోండి: మేక కాయ తింటుంది, ఇంకో ఊళ్లో పెంటిక వేస్తుంది, నాలుగేళ్లకి ఆ చెరువంతా కంపే. మేకకి పాపం ఏ దురుద్దేశమూ లేదు. కార్న్ కథ అదే.

అలా మొలిచిందే కొత్త ఫైరెక్సియా. 2010 అక్టోబర్‌లో స్కార్స్ ఆఫ్ మిర్రోడిన్, 2011 ఫిబ్రవరిలో మిర్రోడిన్ బీసీజ్డ్, అదే ఏడాది మేలో న్యూ ఫైరెక్సియా. మూడో సెట్ పేరు మిర్రోడిన్ ప్యూరా, న్యూ ఫైరెక్సియానా అన్నది చివరిదాకా దాచిపెట్టి, ఆటగాళ్లని రెండు పక్షాలుగా విడదీశారు. గెలిచింది ఎవరో పేరే చెబుతోంది.

కొత్త ఫైరెక్సియా ఐదు రంగుల్లోనూ ఉంటుంది, ఒక్క దేవుడి బదులు ప్రీటర్లు అనే ఐదుగురు నాయకులు. తెలుపు ఎలెష్ నార్న్: తెల్లటి పింగాణీ లాంటి కవచం, కింద ఎర్రటి కండరాలు, తలమీద పెద్ద కిరీటం లాంటి పలక కళ్లని కప్పేసి ఉంటుంది, అందరూ ఒకటి కావాలనే మత బోధ. నీలం జిన్-గిటాక్సియాస్: ప్రయోగశాల, పరిశోధన, ఎదుటివాడు వట్టి నమూనా. నలుపు షియోల్డ్రెడ్: స్టీల్ థేన్లు అనే దొరలు, ఒకరి వెనక ఒకరు కుట్రలు, మిగతా నలుగురితో పోలిస్తే పాత ఫైరెక్సియా వాసన ఎక్కువ ఇక్కడే. ఎరుపు యూరాబ్రాస్క్: కొలిమి, చెమట, పని, మిర్రోడిన్ శరణార్థులు తన పొరలో దాక్కుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నది ఇతనొక్కడే, తర్వాత నార్న్ మీద తిరగబడ్డదీ ఇతనే. ఆకుపచ్చ వోరిన్‌క్లెక్స్: వేట, బలమున్నవాడిదే బతుకు, మాటలు తక్కువ.

వాళ్ల 2011 కార్డులు ఐదూ పక్కపక్కన పెడితే ఒకే అచ్చు కనిపిస్తుంది: నాకు ఇది, నీకు దానికి తిరగేసింది. నార్న్ తన ప్రాణులకి ప్లస్ 2/ప్లస్ 2 ఇచ్చి ఎదుటివాళ్ల ప్రాణులకి మైనస్ 2/మైనస్ 2 పెడుతుంది. జిన్ ఏడు కార్డులు తీసుకుని ఎదుటివాడి చేతి పరిమితిలో ఏడు తగ్గిస్తాడు. వోరిన్‌క్లెక్స్ భూములు ఎక్కువ మానా ఇస్తాయి, ఎదుటివాడివి వాడాక తిరిగి నిలబడవు. యూరాబ్రాస్క్ ప్రాణులు వచ్చీ రాగానే దూకుతాయి, అవతలివి పడుకునే వస్తాయి. షియోల్డ్రెడ్ తన చచ్చిన ప్రాణిని లేపుకుంటుంది, ఎదుటివాడు తన ప్రాణిని బలివ్వాలి. 2023 నాటి నార్న్ కార్డులోనూ ఇదే ధోరణి ఉంది. తనది పెంచుకుని అదే చేత్తో నీది కుదించే పొడవాటి పేరున్న కార్డు ఎదురైతే అది ప్రీటరేమో చూడండి.

2021 నుంచి 2023 దాకా కథలో వీళ్లు లోకం తర్వాత లోకంలో తేలారు: కాల్డ్‌హైమ్‌లో వోరిన్‌క్లెక్స్, కమిగావాలో జిన్, న్యూ కపెన్నాలో యూరాబ్రాస్క్, డొమినేరియాలో షియోల్డ్రెడ్. అంతకుముందు ప్లేన్స్‌వాకర్లకి (లోకాల మధ్య తిరగగల మాంత్రికులకి) ఈ నూనె అంటదని ఒక ధైర్యం ఉండేది, 2022లో తమియోతో ఆ ధైర్యం పోయింది, తర్వాత అజానీ, నిస్సా, జేస్, నహిరి కూడా. 2023 ఏప్రిల్‌లో మార్చ్ ఆఫ్ ద మెషీన్ సెట్‌తో నార్న్ చచ్చింది, జాల్ఫిర్ అనే దేశం న్యూ ఫైరెక్సియా చోటుకి వచ్చి, న్యూ ఫైరెక్సియా ఇవతలికి అందకుండా పోయింది.

అడుగు 6: ఎల్డ్రాజీ అని తేలితే, ముగ్గురిలో ఎవరి సంతతి?

ఎల్డ్రాజీలది లోకాల మధ్య ఉండే బ్లైండ్ ఎటర్నిటీస్ అనే శూన్యం. పెద్దలు ముగ్గురు: ఉలమోగ్, కోజిలెక్, ఎమ్రకూల్. దాదాపు ఆరు వేల ఏళ్ల కింద ఉగిన్ అనే డ్రాగన్, సోరిన్ అనే వాంపైర్, నహిరి అనే కోర్ జాతి శిలావిద్య నిపుణురాలు కలిసి ఈ ముగ్గురినీ జెండికర్ లోకంలో హెడ్రాన్ రాళ్లతో బంధించారు.

సంతతిని పట్టడానికి ముఖం, నేల చూడండి. ఎముక లాంటి తెల్లటి ముసుగు, కళ్లూ నోరూ లేవు, వెళ్లిన దారంతా సుద్దలా తెల్లటి బూడిద: ఉలమోగ్ సంతతి, ఆకలి. తల చుట్టూ భుజాల మీద గాలిలో తేలే నల్లటి పలకలు, నేల మీద ఇంద్రధనుస్సు రంగుల్లో మెట్లు మెట్లుగా గళ్లు, చూసినవాడికి పైకీ కిందకీ తేడా తెలియకపోవడం: కోజిలెక్, వాస్తవాన్నే వంచేవాడు. జాలీ అల్లినట్టు చిల్లులు చిల్లుల మాంసం, పుట్టగొడుగు గొడుగు లాంటి పై భాగం, వంకాయ రంగు ఛాయ, పక్కనున్న బతికినవి కూడా అలా మారిపోవడం: ఎమ్రకూల్.

నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన వివరం ఒకటుంది. బంధించాక వేల ఏళ్లు గడిచి జెండికర్ జనం వీళ్లేంటో మరిచిపోయారు, కానీ పేర్లు అరిగిపోయి దేవుళ్ల పేర్లుగా మిగిలాయి. అక్కడి మెర్‌ఫోక్ (జలమానవులు) మొక్కే ఎమెరియా, ఉలా, కోసీ ఎవరనుకున్నారు? వాళ్లే. 2009 అక్టోబర్‌లో జెండికర్ సెట్ వచ్చినప్పుడు ఎమెరియా పేరుతో ఒక భూమి కార్డు, ఎల్డ్రాజీ మాన్యుమెంట్ అనే ఇంకో కార్డు అందరి ముందే ఉన్నాయి. అసలు రాక్షసులు బయటపడింది 2010 ఏప్రిల్‌లో.

2016లో నిస్సా, చంద్రా, జేస్, గిడియన్ అనే ప్లేన్స్‌వాకర్లు ఉలమోగ్‌నీ కోజిలెక్‌నీ జెండికర్‌లోనే కాల్చేశారు. అదే సంవత్సరం ఎల్డ్రాజీ డెక్‌లు మోడర్న్ అనే పోటీ పద్ధతిని (ఫార్మాట్‌ని) ఎంత పీడించాయంటే ఏప్రిల్‌లో ఐ ఆఫ్ ఉగిన్ కార్డుని నిషేధించాల్సి వచ్చింది.

అడుగు 7: తికమక పెట్టే కేసులు

తెల్ల ముఖం. ఉలమోగ్ ముసుగు, నార్న్ పింగాణీ రెండూ తెలుపే, రెండిటికీ కళ్లు కనిపించవు. నోరు చూడండి. నార్న్ వాళ్లకి పళ్లున్న నోరు ఉంటుంది, ఎందుకంటే వాళ్లు బోధ చేయాలి. ఉలమోగ్ వాళ్ల ముఖం నున్నటి ఎముక.

ఇన్నిస్ట్రాడ్. ఇదే అసలైన పరీక్ష. 2016 జూలైలో వచ్చిన ఎల్డ్రిచ్ మూన్ సెట్‌లో మనుషులు, తోడేళ్లు, దేవదూతలు కూడా వికృతంగా మారిపోతారు. బ్రూనా, గిసెలా అనే ఇద్దరు దేవదూతల కార్డులు అంటుకుని బ్రిసెలా అనే ఒకే పెద్ద కార్డు అవుతాయి. మార్పు ఉంది కాబట్టి ఫైరెక్సియా అని కొత్తవాళ్లు ఇక్కడే పడతారు. ఇందులో నూనె లేదు, లోహం లేదు, శస్త్రచికిత్స చేసినవాడు లేడు, మారినవాడికి కొలువులో పదవి లేదు. ఎమ్రకూల్ దగ్గర్లో ఉండటమే కారణం, ఆమెని నహిరి పగతో ఆ లోకానికి రప్పించింది. 13 మానా ఎమ్రకూల్ కార్డు ఎదుటివాడి తర్వాతి వంతునే తన చేతిలోకి తీసుకుంటుంది, వాడి ప్రాణులతో వాడినే కొట్టిస్తుంది. చివరికి ఆమెని చంద్రుడిలో బంధించారు, బంధించడానికి ఆమే ఒప్పుకున్నట్టు కథ సూచిస్తుంది. ఎల్డ్రాజీకి మన సంగతి పట్టదు అని మొదటి అడుగులో రాశాను కదా, ఎమ్రకూల్ దగ్గర మాత్రం ఆ మాట కొంచెం వదులుగా పట్టుకోండి.

మారిన పాత పరిచయాలు. 2004 నాటి డార్క్‌స్టీల్ కొలోసస్ మామూలు లోహపు రాక్షసుడు, 11/11. 2011లో అదే శరీరం బ్లైట్‌స్టీల్ కొలోసస్‌గా వచ్చింది, అదే 11/11, దానికి తోడు ఇన్‌ఫెక్ట్. అంటే ఒక్క దెబ్బకే పది పాయిజన్ దాటిపోతుంది. థెరోస్ లోకపు హైడ్రా పొలుక్రానోస్ కూడా 2023లో వెనక వైపు ఫైరెక్సియన్ అయింది. రెండు వైపులున్న కార్డు, తిప్పడానికి ఫైరెక్సియన్ మానా అడుగుతోందంటే ఇక ఆలోచించకండి.

స్లివర్లు. ఇవి 1997లో టెంపెస్ట్‌తో వచ్చిన గుంపు జీవులు, ఒకదానికున్న శక్తి అన్నిటికీ వస్తుంది. రెండు వర్గాల్లోనూ లేవు, విలన్లు అనడం కూడా అన్యాయమే. టైప్ లైన్లో స్లివర్ అని రాసి ఉంటుంది, చూసి వదిలేయండి.

సాధన చేయాలంటే

ఒక ఆదివారం మధ్యాహ్నం, లేదా దసరా సెలవుల్లో అందరూ ఊళ్లో ఉన్నప్పుడు, మీ బ్యాచ్‌లో ఉన్న ఈ రెండు రకాల కార్డులూ కలిపి పేరు, టైప్ లైన్ మీద కాగితం ముక్క అడ్డం పెట్టి ఒక్కొక్కటీ తిప్పండి. ముందు రూల్స్ టెక్స్ట్ మాత్రమే చదివి వర్గం చెప్పాలి, తర్వాత బొమ్మ చూసి సంతతో ప్రీటరో చెప్పాలి. వాదన వస్తే మంచిదే, ఎందుకు అనుకున్నావు అని అడగండి, తొండం ఉంది కాబట్టి అన్న జవాబుకి మార్కులివ్వొద్దు.

కథ మొదటి నుంచి చదవాలనుకునేవాళ్లు ఎల్డ్రాజీలతో మొదలుపెట్టండి, ముగ్గురే పెద్దలు, రెండు లోకాలు, తొందరగా అయిపోతుంది. ఫైరెక్సియాకి మాత్రం 2010 నాటి మిర్రోడిన్ నుంచి ముందుకి చదివి, ఆ తర్వాత వెనక్కి యాగ్‌మోత్ దగ్గరికి వెళ్లండి. 1994 నుంచి వరసగా వెళ్దామని కూర్చున్నవాళ్లు ఉర్జా, మిష్రా తగాదా దగ్గరే ఆగిపోవడం మా బ్యాచ్‌లో మామూలే.